కురుప్పు బావ నల్ల పంచె

మా బావ పరమేశ్వరక్కురుప్పుకి దేవుడిచ్చినవి రెండే. ఒకటి గొంతు, రెండోది మొండితనం. మూడోదిగా తన పేరు చేర్చమని మా అక్క ఓమన పోరుతుంది గానీ, ఆవిడని ఇచ్చింది మా నాన్న. దేవుడికి అందులో ప్రమేయం లేదు.

గొంతు సంగతి ముందు చెబుతాను. మా ఊరి పళ్ళియోడంలో, అంటే పంపానది మీద ఆరన్ముళ గుడికి వెళ్ళే పాముపడవలో, నూరుమంది దాకా ఎక్కుతారు. తెడ్లు వేసేవాళ్ళు తెడ్లు వేస్తారు, వెనక కొసన అమరంలో నలుగురు నిలబడి పడవని దారిలో పెడతారు. నడుమ నిలబడి పాట ఎత్తుకునేవాడు మాత్రం ఒక్కడే. ఇరవై ఏడేళ్ళు ఆ చోటు బావది. ఆయన ఎత్తుకుంటే అవతలి ఒడ్డున బట్టలుతికేవాళ్ళు కూడా అందుకునేవారు. నేను బస్సు కండక్టరుగా ముప్పై ఏళ్ళు అరిచినవాణ్ణి, నా గొంతూ తక్కువదేం కాదు. అయినా ఆయన పక్కన నాది కాకిగోలే.

ఉద్యోగం నీళ్ళ శాఖలో. పొద్దున్నే పొడుగాటి ఇనప తాళంచెవి భుజాన వేసుకుని వీధివీధికీ వాల్వు తిప్పి నీళ్ళు వదలడం, గంటకి మళ్ళీ వెళ్ళి కట్టేయడం. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కరోజు కూడా కట్టడం మరిచిపోలేదని రిటైరైన రోజు ఇంజినీరు శాలువా కప్పాడు.

అరవై మూడో ఏట ప్రోస్టేటులో క్యాన్సరని తేలింది. ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేశారు. జబ్బు పోయింది. గండం గడిచిందని అక్క గుడిలో పాయసం పంచింది. అది జరిగిన మూడు నెలలకి బావ తెల్ల పంచె మానేసి నల్ల పంచె కట్టాడు.

మాకు అప్పుడు తెలియనిది మీకు ఇప్పుడే చెప్పేస్తాను. ఆపరేషన్ తర్వాత ఆయనకి మూత్రం నిలవడం మానేసింది. దగ్గినా, నవ్వినా, కుర్చీలోంచి లేచినా పంచె తడిసేది. ఊరంతా నీళ్ళు కట్టి తిరిగినవాడికి సొంత నీళ్ళు కట్టుకోవడం చేతకాలేదు. లోపల డైపరు పెట్టుకున్నా ఎప్పుడు పొంగుతుందోనని భయం. తెల్లబట్ట మీద తడి కనిపిస్తుంది, నల్లబట్ట మీద కనిపించదు. ఆ పంచె వెనక ఉన్న కారణం అంతకు మించి ఏమీ లేదు.

మా ఊళ్ళో నల్ల పంచె కట్టిన మగవాడు కనిపిస్తే అయ్యప్ప దీక్ష తప్ప ఇంకో ఆలోచన రాదు. మెడలో మాల లేదని ఎవరూ చూడలేదు. చూసినవాళ్ళు చొక్కా లోపల ఉందిలే అనుకున్నారు. “ప్రాణం నిలిపినందుకు అయ్యప్పకి జన్మంతా దీక్ష మొక్కుకున్నాడట” అని నెల తిరక్కముందే ఊరు తేల్చేసింది. బావ కాదనలేదు. కాదంటే ఎందుకని అడుగుతారు.

అక్కణ్ణుంచి మొదలయ్యాయి ఆయన తిప్పలు. గడ్డం గీయించుకుందామని వెళ్తే మంగలి కుట్టప్పన్ కత్తి కింద పెట్టేశాడు. “దీక్షలో ఉన్నోరి గడ్డం మీద కత్తి పెడితే నా చెయ్యి పడిపోద్ది సామీ!” చేపలమ్మే ఆవిడ ఆ ఇంటి గుమ్మం ముందు కేక వేయడం మానేసింది. చేపముక్క లేకపోతే ముద్ద దిగని మనిషి పప్పుచారుతో సరిపెట్టుకున్నాడు. పసిపిల్లలకి జ్వరం వస్తే తల్లులు తీసుకొచ్చి “తల మీద చెయ్యి పెట్టండి సామీ” అనేవారు. ఆయన చెయ్యి పెట్టేవాడు. వాళ్ళకి జ్వరం తగ్గేది కూడా. అది ఇంకో తలనొప్పి.

పళ్ళియోడం మటుకు ఎక్కలేదు. మా పడవ దేవుడి సొత్తు. చెప్పుల్లేకుండా, స్నానం చేసి, తెల్ల పంచె కట్టి, తలకి తెల్ల తువ్వాలు చుట్టి ఎక్కాలి. నల్ల పంచె కుదరదు. కుదిరినా, ఒంట్లోంచి మైల కారుతుంటే దేవుడి పడవ ఎలా ఎక్కుతానన్నది ఆయన లోపలి మాట. పైకి మాత్రం “గొంతు పోయింది” అన్నాడు. అలా ఒక వానాకాలం పోయింది, రెండోదీ పోయింది. ఆ చోటులో నిలబడి పాట ఎత్తడానికి అమరం పట్టే చెల్లప్పన్ పిళ్ళ నానా అవస్థా పడ్డాడు. ఆయనా బావా చిన్ననాటి స్నేహితులు. పాపం, చెల్లప్పన్ పాడితే పడవ వెనక్కి పోతుందేమోనని మాకు భయం.

మూడో ఏడు చెల్లప్పన్‌కి మనవడు పుట్టాడు. మొక్కు తీర్చుకోవడానికి గుడిలో పడవవాళ్ళకి విందు పెట్టాడు. ఆ విందుకి ఒక కట్టుబాటుంది. ఆకుల ముందు కూర్చున్న పడవవాళ్ళు తమకి కావలసింది పాటలో అడుగుతారు. పాటలో అడిగిన దాన్ని విందు పెట్టేవాడు లేదనకూడదు. లేదంటే మొక్కు కుంటుపడినట్టు. అందుకే మావాళ్ళు కావాలని చిక్కులు పెడతారు. చెట్టున పండిన పనసతొన అడుగుతారు, పుట్టతేనె అడుగుతారు. ఆ ఇంటివాళ్ళు పరుగులు పెట్టి తెస్తారు.

ఆ రోజు బావ నల్ల పంచెతో ఒక స్తంభం వెనకాల నిలబడి ఉన్నాడు. తెడ్డువాళ్ళలో ఒక చిలిపివాడు చూసి పాట అందుకున్నాడు:

“అప్పడాలు విరిచామయ్యా, అవియల్ అంతా తిన్నామయ్యా,
స్తంభం చాటు కురుప్పన్నను మా ఆకులోన వడ్డించయ్యా!”

“తెయ్ తెయ్ తకతెయ్!” అని అందరూ అందుకున్నారు. ఒకటే నవ్వులు. చెల్లప్పన్ సంబరంగా వెళ్ళి బావ చెయ్యి పట్టుకున్నాడు. “రారా పరమూ, పాటలో అడిగేశారు, ఇంక నీ ఆటలు సాగవు. వచ్చి కూచో, ఒక్క పాట ఎత్తు!”

బావకి కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వే ముంచింది. ఆయన మొహం పాలిపోవడం నేను చూశాను. చెయ్యి విదిలించుకుని వంటశాల వెనకనుంచి పరుగెత్తి వెళ్ళిపోయాడు.

పాట ఆగిపోయింది. చెల్లప్పన్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. “నా మనవడి మొక్కురా అది” అన్నాడు నాతో. “అడిగింది ఇవ్వలేకపోయాను. నా ప్రాణస్నేహితుడే ఇవ్వనివ్వలేదు.” ఆ రోజునుంచి బావతో మాట మానేశాడు. దీక్ష పట్టాక కురుప్పుకి కళ్ళు నెత్తికెక్కాయని ఊళ్ళో గొణుగుడు మొదలైంది. వచ్చే ఏడు కొత్త పాటగాణ్ణి పెట్టుకుందామని పడవ సంఘంలో మాట కూడా వచ్చింది. అదే గనక జరిగితే బావ చోటు ఇక బావది కాదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి దెబ్బలాటకి వెళ్ళాను.

“ఏం బావా, స్నేహితుడి మొక్కు కంటే నీ దీక్ష పెద్దదా? అయ్యప్ప నీకు చెప్పాడా, విందులోంచి పారిపొమ్మని?”

బావ పేపరులోంచి తల ఎత్తలేదు. అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “దీక్షా లేదు, గాడిదగుడ్డూ లేదు తమ్ముడూ. పెరట్లోకెళ్ళి దండెం మీద చూడు. రోజుకి ఆరు పంచెలు ఉతుకుతున్నా. మూడేళ్ళయింది.”

“ఓమనా!” అని అరిచాడు బావ.

“అరవండి. ఆ అరిచిన దానికి ఇంకో పంచె తడుస్తుంది, అదీ నేనే ఉతుకుతాను. ఇంక దాచడం నావల్ల కాదు.”

అప్పుడు చెప్పింది అంతా. బావ పేపరు మొహానికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. అది తలకిందులుగా ఉందని అప్పుడు గమనించాను. నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపం వచ్చింది.

“ఆపరేషన్ చేసినోళ్ళని అడగలేదా?”

“కండరాల కసరత్తు చెప్పారు. ఏడాది చేశా” అన్నాడు మెల్లగా. “మళ్ళీ వెళ్ళి ఏమని అడగనురా? ప్రాణం కాపాడినోళ్ళ దగ్గరికెళ్ళి పంచె తడుస్తోందని చెప్పనా?”

“చెప్పక! ముప్పై ఏళ్ళు జనం నీ దగ్గరికొచ్చి కుళాయి కారుతోందని చెప్పలేదా? నువ్వు వాళ్ళని చూసి నవ్వావా?”

ఆ వారమే బావని కొట్టాయం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను.

డాక్టరు కురియాకోస్‌ది పెద్ద పొట్ట, చిన్న గొంతు. అన్నీ విని, పరీక్షలు చేసి, సొరుగులోంచి ఒక బొమ్మ తీసి బల్ల మీద పెట్టాడు. సన్నటి గొట్టాలతో కలిపిన మూడు ముక్కలు.

“ఇది లోపల అమరుస్తాం కురుప్పు గారూ. ఈ పట్టీ మూత్రనాళం చుట్టూ ఉంటుంది. దీన్లో ఉప్పునీళ్ళు నిండి నాళాన్ని మెత్తగా నొక్కి పెడతాయి. ఈ బుడగ పొత్తికడుపులో. ఈ చిన్న పంపు కింద వృషణాల సంచిలో. పోసుకోవాలనిపిస్తే పంపుని రెండుమూడు సార్లు నొక్కుతారు. పట్టీలో నీళ్ళు బుడగలోకి పోతాయి, దారి తెరుచుకుంటుంది.”

బావ సిగ్గు ఎటు పోయిందో పోయింది. బొమ్మని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. “అంటే బుడగ ట్యాంకు. పట్టీ వాల్వు. బానే ఉంది. మరి కట్టేదెవరు?”

“ఎవరూ కట్టక్కర్లేదు. రెండు మూడు నిమిషాల్లో నీళ్ళు వాటంతటవే పట్టీలోకి వచ్చేస్తాయి.”

“వాటంతటవేనా?” బావ నా వైపు తిరిగాడు. “ఒరే శశీ, తనంతట తాను కట్టుకునే వాల్వుని నా సర్వీసులో చూళ్ళేదురా!” మళ్ళీ డాక్టరు వైపు తిరిగి, “వాషరు అరిగితే?”

“పదేళ్ళకో, అటూ ఇటూనో మార్చాల్సి రావచ్చు.”

“లీకైతే?”

“లోపలుండేది ఉప్పునీళ్ళే, ఒంటికేం కాదు. మళ్ళీ ఆపరేషన్ చేసి మారుస్తాం. చీము పట్టే ప్రమాదం కూడా కొద్దిగా ఉంది, అదీ చెప్పాలి. బాగా గట్టిగా తుమ్మితే ఒక చుక్క రావచ్చు. చుక్క కూడా రాదని నేను మాటివ్వను.”

“మా శాఖలో ఏ ఇంజినీరూ ఇంత నిజం చెప్పలేదు” అన్నాడు బావ. “ఎప్పుడు బిగిస్తారు?”

ఆపరేషన్ మాఘమాసంలో జరిగింది. గాయం మానేదాకా ఆరు వారాలు ఆ యంత్రాన్ని పనిచేయించకూడదట. బావ ఆ ఆరు వారాలూ మమ్మల్ని తినేశాడు. “కొత్త మోటారు బిగించి కరెంటివ్వకపోతే ఎలారా?” అని రోజుకోసారి ఫోను. ఆ ఆరు వారాలూ అక్క దండెం మీద ఆరు పంచెలు ఆరుతూనే ఉన్నాయి.

చివరికి ఆ రోజొచ్చింది. డాక్టరు చేత్తో పంపుని గట్టిగా ఒక నొక్కు నొక్కి యంత్రాన్ని మేలుకొలిపాడు. ఎలా నొక్కాలో బావకి నేర్పాడు. బావ లోపలికెళ్ళి, నొక్కి, పోసుకుని, మూడు నిమిషాలు గడియారం చూసుకుంటూ నిలబడి బయటికొచ్చాడు.

“దగ్గండి” అన్నాడు డాక్టరు. దగ్గాడు.

“కూచుని లేవండి.” లేచాడు. ఏమీ లేదు.

“నవ్వండి.”

“నవ్వమంటే నవ్వొస్తుందా డాక్టరు గారూ!”

నాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. “పాడు బావా” అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. తర్వాత కళ్ళు మూసుకుని పడవపాట ఎత్తుకున్నాడు. మూడేళ్ళుగా మూతపెట్టిన గొంతు. మొదట జీరగా వచ్చింది, రెండో చరణానికి గోడలు దద్దరిల్లాయి. పక్కగదిలో రక్తం తీయించుకుంటున్న ముసలాయన సూదితోనే గుమ్మంలోకి వచ్చి “తెయ్ తెయ్ తకతెయ్” అన్నాడు. నర్సు ఆయన్ని పట్టుకుని వెనక్కి లాగుతోంది. పాట అయ్యాక బావ తలుపు చాటుకెళ్ళి చూసుకొచ్చాడు.

“పొడి” అన్నాడు. అదొక్క మాటే. నేను ఏడ్చేశాను. సిగ్గు లేకుండా ఏడ్చాను.

తిరుగుదారిలో కాలవ గట్టు మీద హోటలు ముందు బావ కారాపించాడు. ఎర్రగా కాగిన చేపల పులుసు, ఉడికించిన కర్రపెండలం. రెండు పళ్ళేలయ్యాక మూడోది చెప్పాడు. మర్నాడు కుట్టప్పన్ దగ్గరికెళ్ళి “గీయరా, నీ చెయ్యి పడితే నాది పూచీ” అని గడ్డం తీయించుకున్నాడు. తెల్ల పంచె కట్టి, చేపల సంచి పట్టుకుని బజారు నడిమధ్యనుంచి ఇంటికి నడిచాడు. సామి దీక్ష భంగం చేశాడని ఊరు గుండెలు బాదుకుంది.

చెల్లప్పన్ ఇంటికి నన్ను తోడు రమ్మన్నాడు. చెల్లప్పన్ అరుగు మీద పడవ తాళ్ళు పేనుతున్నాడు. తలెత్తలేదు.

“చెల్లప్పా, ఆ రోజు నీ విందులో నాకు పంచె తడిసింది” అన్నాడు బావ, నిలబడే. “ఆపరేషన్ అయినప్పట్నుంచీ అంతే. నల్ల పంచె అందుకే. దీక్ష లేదు, ఏమీ లేదు. ఇప్పుడు లోపల ఒక యంత్రం పెట్టించుకున్నా. కింద పంపుంది. నొక్కితే వస్తుంది, లేకపోతే రాదు.”

చెల్లప్పన్ చేతిలో తాడు ఆగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “వెధవా!” అన్నాడు. “చెడ్డీ లేకుండా తిరిగిన రోజుల్నుంచీ ఎరిగినోణ్ణి. నాకు చెప్పడానికి సిగ్గా? పుట్టిన కొత్తలో నా మనవడి తల మీద చెయ్యి పెట్టించానురా నీ చేత, పెద్ద సామివని!”

“జ్వరం తగ్గింది కదా.”

ఇద్దరూ నవ్వు మొదలుపెట్టారు. చెల్లప్పన్ అరుగు మీద పడి దొర్లాడు. బావ గోడ పట్టుకుని నవ్వాడు. నా కళ్ళు పంచె మీదికే పోయాయి, తెల్లగా పొడిగా ఉంది. నవ్వు తగ్గాక బావ మొహం గంభీరంగా పెట్టి, “ఒంట్లో రబ్బరూ గొట్టాలూ ఉన్నవాడు దేవుడి పడవ ఎక్కొచ్చంటావా?” అని అడిగాడు.

“పడవకే మూడువందల ఇనప మేకులున్నాయి. తెడ్డువాళ్ళలో ఇద్దరికి గుండెలో స్టెంటుంది, ఒకడికి మోకాల్లో స్టీలు. నీకొక్కడికే అడ్డమా? నోరు మూసుకుని ఎక్కు. కాదు, నోరు తెరుచుకుని ఎక్కు.”

ఈ సంగతి ఊళ్ళో పాకింది. ఆ వారంలో ముగ్గురు మగవాళ్ళు విడివిడిగా మా ఇంటికొచ్చి “మా దూరపు చుట్టం ఒకాయన కోసం” అంటూ డాక్టరు కురియాకోస్ ఫోను నంబరు రాసుకెళ్ళారు. ముగ్గురికీ ఆ చుట్టం పేరు తోచలేదు. నేనూ అడగలేదు.

వానలు ముదిరే కర్కాటక మాసంలో ఆ ఏటి మొదటి విందుకి పడవ కదిలింది. బావ స్నానం చేసి, తెల్ల పంచె కట్టి, తలకి తువ్వాలు చుట్టుకుని, పడవ అంచుని కళ్ళకద్దుకుని ఎక్కాడు. తన చోటులో నిలబడి పాట ఎత్తుకున్నాడు. తెడ్లన్నీ ఒక్కసారి నీళ్ళలో పడ్డాయి. సగం దారిలో వాన అందుకుంది. మా కర్కాటకం వానంటే తెలుసుగా, కుండలతో కుమ్మరించినట్టే. పైనుంచి వాన, పక్కల తెడ్ల జల్లు. గుడి రేవు చేరేసరికి పడవలో పొడిబట్ట ఉన్నవాడు ఒక్కడూ లేడు.

నేను తడిసిన పంచె పిండుకుంటూ బావ పక్కకి చేరాను. “చూశావా బావా, అందరం ముద్దయిపోయాం. ఆ మూడేళ్ళూ నువ్వు ఎక్కినా ఎవడికీ తెలిసేది కాదు.”

“ఎవడికీ తెలియదు, నిజమే. నాకు తెలిసేది కదరా” అన్నాడు.

గుడి దగ్గర విందు పాకలో ఆకుల ముందు కూర్చున్నాం. కురుప్పు తిరిగొచ్చాడు, ఏం చిక్కు పెడతాడోనని విందు పెట్టే ఇంటివాళ్ళు బిక్కుబిక్కుమంటున్నారు. ఒకప్పుడు ఈయన పాటలో నేరేడుపళ్ళు అడిగి, కాలం కాని కాలంలో ఒక పెద్దమనిషిని మూడు ఊళ్ళు తిప్పినవాడు. పాయసాలన్నీ అయ్యాయి. బావ గొంతు సవరించుకున్నాడు. పాకంతా చెవులు రిక్కించింది.

“పులుపూ తీపీ చాలయ్యా, పులిశ్శేరీ చాలయ్యా,
కొమ్ముచెంబు నిండుగాను మంచినీళ్ళు పొయ్యవయ్యా!”

మావాళ్ళు పాట అందుకోబోయి ఆగిపోయారు. “నీళ్ళేంటి కురుప్పన్నా? అడగడం మరిచిపోయావా?” అని ఒకడు కేకేశాడు. పాకంతా గొల్లుమంది. ఆ ఇంటాయన ఇంకా నమ్మలేనట్టు చూస్తూ, జీలకర్ర వేసి కాచిన నీళ్ళు కొమ్ముచెంబు నిండా తెచ్చాడు.

అక్క ఆసుపత్రిలో నాతో చెప్పిన సంగతి ఒకటుంది. ఆ మూడేళ్ళూ బావ గడప దాటే రోజున పొద్దుట లేచినప్పట్నుంచి గుక్కెడు నీళ్ళు ముట్టేవాడు కాదట. పెళ్ళిలో టీ ఇస్తే పక్కవాడికి జరిపేసేవాడట. మండుటెండలో పెన్షను లైనులో పెదవులు ఎండిపోయి నిలబడేవాడట. మా పాకలో ఆ రోజు అది తెలిసినవాళ్ళం ఇద్దరమే. అక్క ఆడవాళ్ళ వరసలో చేతిలో ముద్ద పట్టుకుని ఇటే చూస్తోంది.

బావ చెంబు పైకెత్తి, తల వెనక్కి వాల్చి, ధార నోట్లో పోసుకున్నాడు. గటగట తాగాడు. నీళ్ళు గడ్డం మీదా ఛాతీ మీదా కారుతున్నా ఆపలేదు. చెంబు ఖాళీ చేసి, ఊపిరి పీల్చుకుని, ఆ ఇంటాయన వైపు చాపాడు.

“ఇంకో చెంబు” అన్నాడు. ఈసారి పాట కట్టే ఓపిక లేక మామూలుగానే అడిగాడు.